ఒత్తు జారకుండా, గుడి తప్పకుండా

శుభలేఖ అచ్చుకు వెళ్లే రోజు. ప్రెస్సు నుంచి వాట్సాప్‌లో ప్రూఫు వచ్చింది. తెరిచి చూస్తే ‘స్వాగతం’ కాస్తా ‘స్‌వాగతం’ అయి కూర్చుంది. పెళ్లికూతురి పేరులో వట్రుసుడి అక్షరానికి దూరంగా జరిగిపోయింది. ప్రెస్సువాళ్లను అడిగితే ‘మీరు పంపిన మేటరే వేశామండీ’ అంటారు. మీరు పంపినప్పుడు బాగానే ఉంది. మరి మధ్యలో ఏమైంది?

శుభలేఖే కానక్కర్లేదు. అమ్మ రాసిన కవితలు పుస్తకంగా వేయాలనుకున్నారు. స్కూల్లో తెలుగు వర్క్‌షీటు తయారుచేస్తున్నారు. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉగాది సంబరాలకు బ్యానర్ చేయిస్తున్నారు. ప్రతిచోటా ఇదే తలనొప్పి ఎదురవుతుంది. చాలామంది ఇక్కడ చేతులెత్తేసి ‘కంప్యూటర్లో తెలుగు ఇంతేలే’ అని ఇంగ్లిష్‌కు మారిపోతారు.

దయచేసి అలా మారకండి. తెలుగు అక్షరం విరిగిందంటే దానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణాన్ని పట్టుకునే దారీ ఉంటుంది. అందుకు మీరు ఇంజనీరు కానక్కర్లేదు. గుణింతం వచ్చి, కాస్త ఓపిక ఉంటే చాలు. ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి తప్పు ఎక్కడ జరిగిందో మీరే చెప్పగలుగుతారు.

ముందుగా తెలుసుకోవాల్సిన ఒక్క సంగతి

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గడులు 128. వాటిలో ఇప్పటిదాకా నిండినవి సుమారు వంద. గుణింతాలు, ఒత్తులు, ఒత్తు మీద ఒత్తులు అన్నీ కలిపితే తెలుగు రూపాలు వేలల్లో ఉంటాయి కదా, అవన్నీ వంద గడుల్లో ఎలా సరిపోయాయి? ప్రతి రూపానికీ గడి ఇవ్వలేదు కాబట్టి సరిపోయాయి. హల్లుకొకటి, గుడికొకటి, కొమ్ముకొకటి, పొల్లుకొకటి ఇచ్చారు. ఒత్తులకైతే విడిగా గడులే లేవు. హల్లు తర్వాత పొల్లు, ఆ తర్వాత ఇంకో హల్లు వస్తే, ఆ రెండో హల్లు ఒత్తుగా మారాలన్నది నియమం.

‘స్త్రీ’ అన్న మాటను దగ్గరగా చూడండి. కంటికి స నెత్తిన గుడిదీర్ఘం, కింద తావత్తు, దానితోపాటు క్రావడి కనిపిస్తాయి. ఫైలులో ఉన్న వరుస మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంకేతాలు. గుడిదీర్ఘం స మీద కనిపిస్తున్నా ఫైలులో అన్నిటికన్నా చివర ఉంది. ఎందుకు? మనం పలికేటప్పుడు ఈకారం చివరే వస్తుంది గనుక. నమ్మకం కుదరకపోతే మీ ఫోనులో ‘స్త్రీ’ అని టైప్ చేసి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారి నొక్కుతూ చూడండి. సాధారణంగా ముందు గుడిదీర్ఘం పోతుంది, తర్వాత ర, తర్వాత పొల్లు. అక్షరం ఏ వరుసలో కట్టారో దానికి సరిగ్గా ఎదురు వరుసలో ఊడుతుంది. ఈ బ్యాక్‌స్పేస్ పరీక్ష గుర్తుంచుకోండి, ముందుముందు చాలాసార్లు అక్కరకొస్తుంది.

ఆ ఆరు సంకేతాలూ ఒక్క అక్షరంగా కనబడాలంటే ముగ్గురి పని సక్రమంగా జరగాలి. సంకేతాలను సరైన వరుసలో ఇవ్వడం టైప్ చేసేవారి పని. ఏ రెండు కలిస్తే ఏ రూపం రావాలి, ఆ రూపం ఎక్కడ కూర్చోవాలి అన్న పట్టికలు దగ్గర ఉంచుకోవడం ఫాంటు పని. మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ఈ పట్టికలు ఫాంటు లోపలే ఉంటాయి. వాటిని చదివి అక్షరాన్ని కూర్చడం సాఫ్ట్‌వేర్ పని. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రాఫీస్‌లలో ఈ కూర్పు పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాము.

టైపింగు, ఫాంటు, సాఫ్ట్‌వేర్. అక్షరం విరిగితే ఈ మూడింట్లో ఒకటి తప్పింది. ఏది తప్పిందో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి.

తప్పు ఎవరిది? మూడు నిమిషాల పరీక్ష

విరిగిన మాటను కాపీ చేసి, బ్రౌజర్‌లోనో ఫోను నోట్స్‌లోనో అతికించండి. అక్కడ శుభ్రంగా కనిపించిందా? అయితే టైపింగు సరిగ్గానే ఉంది. అక్కడా విరిగే ఉంటే ముందు టైపింగునే అనుమానించండి.

టైపింగు సరే అనుకున్నాక, అసలు ఫైలులో ఆ మాటకు ఫాంటు మార్చి చూడండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. ఫాంటు మార్చగానే అక్షరం కుదురుకుంటే తప్పు పాత ఫాంటుది.

ఫాంటు మార్చినా మారలేదా? ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్, లేదా అందులోని సెట్టింగు.

ఈ వరుస తప్పకండి. చాలామంది ముందే ఫాంట్ల మీద పడతారు. పది ఫాంట్లు దింపుకుని, ఒక్కొక్కటీ వేసి చూసి విసిగిపోతారు. తప్పు టైపింగులో ఉంటే వంద ఫాంట్లు మార్చినా ఏం లాభం?

ఇప్పుడు అసలు సూచనల్లోకి వెళ్దాం.

1. మీ ఫైలులో ఉన్నది యూనికోడ్ తెలుగేనా?

యూనికోడ్ రాకముందు తెలుగు డీటీపీ అంతా వేరే పద్ధతిలో నడిచింది. ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో ‘అను ఫాంట్లలో చేయించాం’ అన్న మాట వినిపిస్తుంది. ఆ తరం ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గడుల్లో తెలుగు ముక్కలు పెట్టారు: ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట ఒత్తు. ఉన్నవి 256 గడులే, వాటితోనే తెలుగు మొత్తాన్ని కూర్చారు. వేల పుస్తకాలు అలాగే అచ్చయ్యాయి. ఆ పనిని తక్కువ చేయడానికి లేదు.

చిక్కల్లా ఆ ఫైలు మీ కంప్యూటర్‌కు వచ్చాకే. ఆ ఫాంటు లేనిచోట అది అర్థం పర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల్లా కనిపిస్తుంది. అందులో ఉన్నవి ముక్కలే తప్ప తెలుగు అక్షరాలు కావు, కాబట్టి గూగుల్ వెతకలేదు, ఫోను చదివి వినిపించలేదు.

ఏం చేయాలి? పాత ఫైలును కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని నమ్మకండి. క్రావడి, యావత్తు, వట్రుసుడి, రెండేసి ఒత్తులు ఉన్న మాటలు ఏరి ఒక్కొక్కటీ చదవండి. పాత పద్ధతిలో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, కొత్త పద్ధతిలో పలికే వరుసలో ఉండాలి. వరుస తిరగబడే చోటే తప్పులు దొర్లుతాయి.

2. పలికే వరుసలో టైప్ చేయండి

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుంటుందనుకుంటే, ఇది గుర్తుంచుకోండి.

‘మొదటి’ అన్న మాటను చూడండి. మ, య లాంటి అక్షరాలకు ఒత్వం ఇస్తే, పైన ఎత్వంలా, పక్కన కొమ్ములా కనిపిస్తుంది. అది చూసి చాలామంది మ కొట్టి, ఎత్వం కొట్టి, కొమ్ము కొడతారు. అప్పుడు వచ్చేది ‘మెుదటి’. ఫోనులో చదివేవారికి పెద్దగా తేడా తెలియదు. ఫైలులో మాత్రం అది ‘మొదటి’ కాదు. ఎవరైనా ‘మొదటి’ అని వెతికితే మీ రాత దొరకదు. ఒక ఫాంటులో కొమ్ము సర్దుకుంటుంది, ఇంకో ఫాంటులో పక్కకు జారుతుంది, మరోచోట మధ్యలో చుక్కల వలయం వస్తుంది.

ఒత్వానికి కీబోర్డులో ఒకే మీట ఉంది. మ కొట్టి ఆ మీట నొక్కండి, అంతే. ‘మో’కి ఓత్వం మీట, ‘యొ’కి మళ్లీ ఒత్వం మీట. రూపాన్ని మీరు గీయక్కర్లేదు, ఫాంటే గీస్తుంది.

ఇప్పటికే టైప్ చేసేసిన పుస్తకం ఉందా? ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి ‘మెు’ బదులు ‘మొ’, ‘మెూ’ బదులు ‘మో’, ‘యెు’ బదులు ‘యొ’, ‘యెూ’ బదులు ‘యో’ పెట్టించండి. తెలుగులో ఒకే హల్లుకు ఎత్వమూ కొమ్మూ రెండూ ఉండవు కాబట్టి ధైర్యంగా మార్చేయవచ్చు.

ఐత్వంలోనూ ఇలాంటి సంగతే ఉంది. ‘కై’ని క, ఐత్వం అని రెండు సంకేతాలతో రాయవచ్చు. క, ఎత్వం, ఐత్వపు కింది ముక్క అని మూడింటితోనూ రాయవచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ నియమం, కానీ ఆ నియమం పాటించకుండా వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. మీరు ఎప్పుడూ ఒక్క మీటతో వచ్చే ఐత్వాన్నే వాడండి.

3. పోలికను చూసి మోసపోకండి

‘నిజం’, ‘నిజ౦’. ఈ రెంటిలో తేడా కనబడిందా? మొదటిదాంట్లో ఉన్నది సున్న. రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్నా. కంటికి రెండూ గుండ్రమే. కంప్యూటర్‌కు ఒకటి అక్షరం వెంట నడిచే గుర్తు, రెండోది అంకె. అంకెను వాడితే అక్షర క్రమం తప్పుతుంది, వెతికినా దొరకదు.

‘దుఃఖం’లోని విసర్గ స్థానంలో కోలన్ కొట్టడం ఇంకో పొరపాటు. అరసున్న మీట దొరక్క ఏ బ్రాకెట్టో పెట్టి సరిపెట్టడమూ అలాంటిదే.

అనుమానం వస్తే ఎలా తేల్చుకోవాలి? వర్డ్‌లో ఆ గుర్తు పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి. దాని సంఖ్య బయటపడుతుంది. సున్న అయితే 0సి02, తెలుగు అంకె అయితే 0సి66 (వర్డ్ మధ్యలోని సి అక్షరాన్ని ఇంగ్లిష్‌లో చూపిస్తుంది). మళ్లీ అవే మీటలు నొక్కితే అక్షరం తిరిగి వచ్చేస్తుంది. మీ పుస్తకంలో తెలుగు అంకెలు వాడకపోతే, ఆ అంకె సున్నాలన్నింటినీ ఒక్క రీప్లేస్‌తో సున్నలుగా మార్చేయండి.

4. చుక్కల వలయం మీ మేలు కోరి వస్తుంది

అక్షరాల మధ్య చుక్కలతో గీసిన చిన్న వలయం కనిపించగానే ఫాంటు పాడైందని కంగారుపడతాం. అది తప్పు చూపించే వేలు. ‘ఇక్కడ ఒక గుర్తు ఉంది, దాన్ని మోసే అక్షరం లేదు’ అని సాఫ్ట్‌వేర్ మీకు చెబుతోంది. ఒకే హల్లుకు రెండు గుణింతపు గుర్తులు కొట్టినా, స్పేస్ తర్వాత గుడి పెట్టినా, అచ్చు తర్వాత పొల్లు కొట్టినా అది రావచ్చు. ఆ అక్షరాన్ని మొత్తం చెరిపేసి మళ్లీ టైప్ చేయండి. సగం చెరిపి అతుకు వేయబోతే తప్పు అక్కడే నక్కి ఉంటుంది.

పిల్లలకు వర్క్‌షీట్లు తయారుచేసేవారికి ఒక ప్రత్యేక అవసరం ఉంటుంది. ‘ఇది గుడి, ఇది కొమ్ము’ అని గుర్తును ఒంటరిగా చూపించాలి, పక్కన వలయం ఉండకూడదు. అందుకు మామూలు స్పేస్ బదులు నాన్ బ్రేకింగ్ స్పేస్ వాడండి. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే అది వస్తుంది. దాని తర్వాత గుర్తు కొట్టండి. ఒత్తును చూపించాలంటే ఆ స్పేస్ తర్వాత పొల్లు, ఆపైన హల్లు కొట్టి చూడండి. చాలా ఫాంట్లలో ఒత్తు ఒంటరిగా వచ్చి కూర్చుంటుంది.

5. కనిపించని సంకేతాన్ని మచ్చిక చేసుకోండి

‘హైదరాబాద్’ అని కొట్టి వెంటనే ‘లో’ కొట్టారు. ఏమొచ్చింది? ‘హైదరాబాద్లో’. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు కావాలన్నది నియమం కదా, ఫాంటు తన పని తాను చేసింది. మీకు కావాల్సింది ‘హైదరాబాద్‌లో’. రెంటి మధ్య ‘ఇక్కడ కలపవద్దు’ అని చెప్పే సంకేతం ఒకటి ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెర మీద కనిపించదు, చోటు తీసుకోదు, పని మాత్రం చేస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’, ‘బస్‌స్టాండ్’ లాంటి మాటలన్నిటికీ ఇదే దిక్కు.

కొన్ని తెలుగు కీబోర్డుల్లో దీనికి మీట ఉంటుంది, మీ కీబోర్డులో ఉందేమో ముందు చూసుకోండి. లేకపోతే వర్డ్‌లో 2, 0, 0 అంకెలు, ఆ పక్కనే ఇంగ్లిష్ సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. తరచూ వాడే మాటలను ఆటోకరెక్ట్‌లో పెట్టుకుంటే రోజూ ఈ శ్రమ ఉండదు.

ఇక్కడ దొర్లే పొరపాటు ఏమిటి? దొరికింది కదా అని అవసరం లేనిచోట కూడా పెట్టేయడం. ‘రాజ్యం’ మధ్యలో ఇది దూరితే ‘రాజ్‌యం’ అవుతుంది. పొల్లు తర్వాత స్పేస్ ఉంటే దీని అవసరమే లేదు. పరాయి మాటకు విభక్తి చేర్చినప్పుడు, రెండు పరాయి మాటలు కలిసిపోయినప్పుడు మాత్రమే వాడండి.

ఇంత చిన్న సంకేతం ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఈ నాన్ జాయినర్, దీర్ఘం వరుసగా వచ్చిన ఒక్క తెలుగు అక్షరం తెర మీదకు రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. అప్పటి ఐఓఎస్ 11.2.5లో ఆ వరుసను కూర్చే చోట లోపం ఉంది. అదే నెలలో ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. చాలా పత్రికలు దాన్ని ‘ఫోన్లను కూల్చే తెలుగు అక్షరం’ అని రాశాయి. తప్పు అక్షరానిది కాదు, కూర్చే సాఫ్ట్‌వేర్‌ది. మీ ముందు అక్షరం విరిగినప్పుడు కూడా ఈ సంగతి తలచుకోండి. తెలుగును తప్పుపట్టే ముందు మూడు నిమిషాల పరీక్ష చేయండి.

6. ఫాంటును పేరు చూసి కాదు, పరీక్ష పెట్టి ఎంచుకోండి

పెళ్లిచూపుల్లో ఫొటో ఒక్కటే చూసి ఖాయం చేసుకోం కదా. ఫాంటును కూడా ‘అఆఇఈ’ నమూనా చూసి తీసుకోకండి. ఆ నాలుగూ ఏ ఫాంటులోనైనా బాగానే ఉంటాయి. చిక్కులన్నీ ఒత్తుల దగ్గరే బయటపడతాయి.

ఈ మాటలు ఒక ఫైలులో దాచుకోండి: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, మొదటి, యోగం, ఘోష, పుష్పం, పువ్వు, హృదయం, కృష్ణ, కైకేయి, శౌర్యం, దుఃఖం, సామర్థ్యం, నిష్క్రమణ, మత్స్యం, హైదరాబాద్‌లో. కొత్త ఫాంటు ఏది దొరికినా ముందు వీటికి వేసి చూడండి. చూడాల్సినవి ఇవి:

ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయా? ‘పు’లో కొమ్ము ప కడుపులోకి దూరి ‘ఘ’లా కనిపిస్తోందా? ‘హృ’లో వట్రుసుడి దూరంగా జరిగిందా? ‘కై’ కింది ముక్క పక్క అక్షరానికి తగులుతోందా? ఏదైనా అక్షరం మిగతావాటికంటే లావుగానో సన్నగానో వేరేగా కనిపిస్తోందా? అలా కనిపిస్తే మీ ఫాంటులో ఆ అక్షరం లేదు, సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకో ఫాంటు నుంచి అరువు తెచ్చింది.

ఉచితంగా దొరికే మంచి ఫాంట్లకు కొదవలేదు. విండోస్‌తో ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి వచ్చింది, 7తో వాణి, 8తో నిర్మలా యూఐ వచ్చాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు తొలినాళ్లలో ఎందరికో ఆధారమయ్యాయి. మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ అందరూ వాడుకునేలా అందుబాటులోకి తెచ్చింది. ఇవి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి.

పాత సాహిత్యం అచ్చు వేసేవారికి ఇంకో మాట. నకారపొల్లుకు యూనికోడ్‌లో సొంత గడి దక్కింది 2021లో, 14వ వెర్షన్‌లో. అంతకుముందు తయారై, ఆ తర్వాత మార్పులు జరగని ఫాంటులో దాని స్థానంలో ఖాళీ డబ్బా వస్తుంది. మీ పుస్తకంలో నకారపొల్లు, అరసున్న, బండి ఱ ఉంటే వాటిని కూడా పరీక్ష జాబితాలో చేర్చండి.

7. సాఫ్ట్‌వేర్‌లోని ఒక్క సెట్టింగు చూడండి

బ్యానర్లలో ‘స్‌వాగతం’ అని పొల్లు బయటపడి కనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఫాంటు మంచిది, టైపింగు మంచిది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఫాంటులోని పట్టికలు చదవడం లేదు.

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక ఉంటే, అక్కడ వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి. పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఫైలు తెరిచి మళ్లీ చూడండి.

డిజైనర్‌కు ఎలా చెప్పాలో తెలియడం లేదా? ‘తమ్ముడూ, టెక్స్ట్ ఇంజిన్ వరల్డ్ రెడీలో ఉందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. గంటల తరబడి వాదన తప్పుతుంది.

8. ఒత్తులకు ఊపిరాడనివ్వండి

ఇంగ్లిష్ లైనుకు సరిపోయే ఎత్తు తెలుగు లైనుకు చాలదు. ‘రాష్ట్ర’లో ఒత్తులు కిందికి దిగుతాయి, దాని కింది లైనులో ‘కీ’ వస్తే గుడిదీర్ఘం పైకి లేస్తుంది. రెండూ ఢీకొంటాయి.

వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టకండి. అలా పెడితే ఒత్తులు సగానికి తెగిపోవచ్చు. ‘మల్టిపుల్’ పెట్టి, ఎడం పెంచుకుంటూ చూడండి. పుస్తకానికి 12 పాయింట్ల అక్షరం అనుకుంటే, లైనుకు 18 నుంచి 20 పాయింట్లతో మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దుకోండి. ఎక్సెల్‌లో అయితే తెలుగు ఉన్న వరుసల ఎత్తు పెంచండి. జాబితాల్లో పేర్ల కింది ఒత్తులు కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది వరుస ఎత్తునే.

బోల్డ్ విషయంలో కూడా జాగ్రత్త. చాలా తెలుగు ఫాంట్లకు ఒక్క మందమే ఉంటుంది. బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే ఉబ్బిస్తుంది, వట్రుసుడి, క్రావడి లోపలి ఖాళీలు పూడిపోతాయి. శీర్షికకు బరువు కావాలంటే రామభద్ర లాంటి పుట్టుకతో లావైన ఫాంటు తీసుకోండి. అక్షరాల మధ్య ఎడం పెంచే ట్రాకింగ్‌ను తెలుగుకు వీలైనంతవరకు సున్నా దగ్గరే ఉంచండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది అక్షరాన్నీ ఒత్తునూ విడదీస్తుంది.

9. ఇంగ్లిష్ లిపిలో తెలుగు పేర్లు రాసేటప్పుడు

పరిశోధన వ్యాసాలు రాసేవారికి ఇది తప్పదు. దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత, ట ఠ డ ఢ ణ లకు కింద చుక్క పెట్టి రాయాలి. ఇక్కడ కూడా గుర్తు రెండు రకాలుగా ఉండవచ్చు: అక్షరం, గుర్తు కలిసి ఒకే సంకేతంగా, లేదా అక్షరం తర్వాత గుర్తు విడి సంకేతంగా. మీ వ్యాసంలో సగం ఒక రకం, సగం ఇంకో రకం ఉంటే, అకారాది సూచిక తయారుచేసేటప్పుడు ఒకే పేరు రెండుచోట్ల తేలవచ్చు. కలిపి ఉన్న రూపం దొరికినంతవరకు దాన్నే వాడండి.

కొన్నిటికి కలిపి ఉన్న రూపం అసలు లేదు. 2001 నాటి ఐఎస్ఓ 15919 పద్ధతిలో ఋకారానికి ఆర్ కింద చిన్న వలయం పెడతారు. అది విడి గుర్తుగానే రావాలి. ఆ గుర్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటుకు తెలియకపోతే వలయం పక్కకు పోతుంది. జెంటియం, ఛారిస్, నోటో సెరిఫ్ లాంటి ఫాంట్లు ఇలాంటి పనికి నమ్మకమైనవి. హ్రస్వ ఎ, ఒ లను ఏ, ఓ ల నుంచి వేరు చేసి చూపడం తెలుగుకు ముఖ్యం గనుక, ఆ తేడా పాటించే ఐఎస్ఓ పద్ధతి మనకు బాగా నప్పుతుంది.

10. ప్రెస్సుకు పంపే ముందు

వర్డ్ ఫైలు ఒక్కటే పంపి ఊరుకోకండి. అవతలివారి దగ్గర మీ ఫాంటు ఉండకపోవచ్చు. పీడీఎఫ్ చేయండి. దాన్ని అడోబీ రీడర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోట చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. లేకపోతే పీడీఎఫ్/ఏ రకంగా సేవ్ చేయండి. ఆ రకంలో ఫాంట్లు తప్పనిసరిగా లోపలే ఉంటాయి.

కోరెల్ డ్రాలో చేసే డిజైనర్‌తో ‘చివర కర్వ్స్ చేసి పంపండి’ అనండి. అక్షరాలు గీతలుగా మారిపోతాయి కాబట్టి, ఇక ఏ కంప్యూటర్‌లోనూ విరగవు. అయితే కర్వ్స్ చేశాక అచ్చుతప్పు దిద్దలేరు. కర్వ్స్ చేయని ఫైలు ఒకటి విడిగా దాచమని తప్పకుండా చెప్పండి.

మీ టైపింగు ఫైలును ఎన్నటికీ పారేయకండి. పీడీఎఫ్‌లో ముఖ్యంగా ఉండేది అక్షరాల రూపాలు, వాటి స్థానాలు. అందులోంచి తెలుగును కాపీ చేస్తే గుణింతాలు, ఒత్తులు తారుమారై రావడం మామూలే. రెండో ముద్రణకు మళ్లీ మొత్తం టైప్ చేయించుకునే దుస్థితి చాలామందికి ఈ అజాగ్రత్తతోనే వస్తుంది.

ఈ వారంలో మీరు చేయాల్సినవి

చదివి పక్కన పెడితే లాభం లేదు. ఈ నాలుగూ చేసి చూడండి.

మొదటిది, పైన ఇచ్చిన పరీక్ష మాటలను మీ చేత్తో టైప్ చేసి ఒక ఫైలుగా దాచుకోండి. టైప్ చేస్తున్నప్పుడే మీ పొరపాట్లు కొన్ని బయటపడతాయి.

రెండోది, మీరు గతంలో టైప్ చేసిన ఏదైనా రాత తెరిచి ‘మెు’, ‘యెు’, తెలుగు అంకె సున్నాలను వెతకండి. దొరికినవన్నీ సరిచేయండి.

మూడోది, మీరు తరచూ వాడే పరాయి మాటల్లో ఓ పదింటికి నాన్ జాయినర్ పెట్టి ఆటోకరెక్ట్‌లో చేర్చుకోండి.

నాలుగోది, మీ ఇంట్లోనో స్కూల్లోనో తెలుగు టైప్ చేసే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని బ్యాక్‌స్పేస్ పరీక్ష చూపించండి. ‘స్త్రీ’లో ఆరు సంకేతాలు ఉన్నాయని కళ్లారా చూసినవారు తెలుగు టైపింగుకు మళ్లీ భయపడరు.

ఒక పేరులో ఒత్తు జారితే ఏముందిలే అనిపించవచ్చు. ఆ పేరు గల మనిషికి అది చిన్న విషయం కాదు. ‘కంప్యూటర్లో రాదు’ అన్న సాకుతో సర్టిఫికెట్ల మీద, పుస్తకాల అట్టల మీద, ఊరి బోర్డుల మీద విరిగిన తెలుగుకు మనం అలవాటు పడిపోతే, పిల్లలు అదే సరైన తెలుగనుకుంటారు. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. గడులు ఉన్నాయి, ఫాంట్లు ఉన్నాయి, వాటిని కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది. మీ చేతికి పలికే వరుస అలవాటు చేయండి, ప్రూఫు వచ్చినప్పుడు ఒత్తులు చూడండి, తప్పు కనబడితే కారణం అడగండి. మీ చేతి మీదుగా వెళ్లే ప్రతి తెలుగు మాటా నిండుగా వెళ్లాలని పట్టుబట్టండి. ఆ పట్టుదలకు కావాల్సిన పనితనం మీ దగ్గర ఇప్పుడు ఉంది.